సంతకం పెట్టేముందు

భీమిలి,
ఫిబ్రవరి.

ప్రియమైన నేస్తానికి,

నీ మెసేజి అందింది. ఫోన్లో నాలుగు ముక్కల్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో. మీ నాన్నగారి జీడితోటకి బ్రోకరు మంచి రేటు చెప్తున్నాడనీ, జీపీఏ, అదే అమ్మే అధికారం రాసిచ్చే కాగితం, ఒకటి సంతకం పెట్టి పంపిస్తే చాలు, డల్లాస్ నుంచి నువ్వు రానే అక్కర్లేదంటున్నాడనీ, ఏం చెయ్యమంటావనీ అడిగావు. సంతకం పెట్టొద్దే. ఇంత ఖచ్చితంగా ఎందుకు చెప్తున్నానో నీకు తెలియాలి.

నువ్వెళ్ళేనాటికి ఋషికొండ దాటితే రోడ్డుకి అటూ ఇటూ సరుగుడు తోటలూ, తాటిచెట్లూ, మధ్యమధ్య జాలరిపేటలూ ఉండేవి. ఇప్పుడు విశాఖ నుంచి మన ఊరిదాకా సుమారు పాతిక కిలోమీటర్లూ బోర్డులే. రిసార్టులు, విల్లాలు, సీ వ్యూ అపార్టుమెంట్లు. ఆదివారం సాయంత్రమైతే మంగమారిపేట దగ్గర కార్లు కదలవు. పురిటినొప్పులొచ్చిన పిల్లని విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలన్నా ఆ బారులోనే చిక్కుకోవాలి.

అదే రోడ్డు వదిలి కాస్త లోపలికి వెళ్తే మనిషి కనబడడు. తోట కొట్టేసి, నేల చదును చేసి, తారు పోసి, ఆర్చి కట్టి, రాళ్ళు పాతి వదిలేసిన వెంచర్లు వరసగా ఉంటాయి. రాళ్ళ మధ్య సర్కారు తుమ్మ మొలిచింది. కొన్నవాళ్ళు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, మీ అమెరికాలోనో ఉంటారు. భోగాపురంలో విమానాశ్రయం అన్న మాట పుట్టిన దగ్గర్నుంచీ ప్లాట్లు చేతులు మారుతూనే ఉన్నాయి. కొన్నవాళ్ళలో చాలామందికి అక్కడ పొయ్యి వెలిగించే ఉద్దేశమే లేదు. ఆ విమానాశ్రయానికి తీసుకున్నది సుమారు 2,200 ఎకరాలు. దాని పేరు చెప్పి చుట్టూ ఎంత నేల రాళ్ళపాలైందో చూస్తే గుండె తరుక్కుపోతుంది.

ఇల్లు లేనివాళ్ళు ఇల్లు కట్టుకుంటామంటే నేను కాదనే మనిషిని కానని నీకు తెలుసు. 2009లో చిట్టివలస జూట్ మిల్లు మూతపడ్డాక పిల్లల్ని వెంటేసుకుని అద్దె తక్కువ గదుల కోసం తిరిగినవాళ్ళని ఇద్దరం చూశాం. వాళ్ళలో ఎవరైనా ఈ వెంచర్లలో ఒక్క గజం కొనగలరా? బయటివాళ్ళు రావడం కూడా మన ఊరికి కొత్త విషయం కాదు. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్ళొచ్చారు, తర్వాత ఇంగ్లీషువాళ్ళొచ్చారు, 1861 నాటికే మనది మునిసిపాలిటీ. అంతమంది వచ్చి పోయినా తోట తోటగానే ఉంది, ఇసుక ఇసుకగానే ఉంది. ఇప్పుడొచ్చేది మనుషులకన్నా ముందు బుల్డోజరు.

అసలు నేను చెప్పదలచింది నీళ్ళ గురించి. సముద్రం పక్కన ఉండి కూడా మన నూతుల్లో తియ్యటి నీళ్ళెందుకు ఊరుతాయో చిన్నప్పుడు మనకి తట్టనే లేదు. వాన నీరు ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతుంది, మంచినీరు తేలిక కాబట్టి. సముద్రమట్టం కన్నా 1 మీటరు ఎత్తున మంచినీరు నిలిస్తే, దాని కింద సుమారు 40 మీటర్ల లోతుదాకా మంచినీరే ఉంటుందని భూగర్భజల శాస్త్రం చెప్తుంది. తిరగేసి చూడు. బోర్లు తోడి ఆ మట్టాన్ని ఒక్క మీటరు దించితే, కింది ఉప్పునీరు 40 మీటర్లు పైకి ఎగబాకే ప్రమాదం ఉందన్నమాట. ఒకసారి ఉప్పు తిరిగిన నుయ్యి మళ్ళీ తియ్యబడడానికి ఏళ్ళూ పూళ్ళూ పడతాయి. ఇంకే నేల మీద తారూ సిమెంటూ పరిచి, ఆ పక్కనే వందల అడుగుల బోరు దింపితే ఏమవుతుందో నీకు వేరే చెప్పాలా?

గోస్తనిని చూసి ధైర్యపడదామా అంటే అదీ లేదు. అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా మీదుగా వచ్చే ఆ నీళ్ళని తాటిపూడి దగ్గర ఆపి, అందులోంచి విశాఖ దాహం తీరుస్తున్నారు. మన దగ్గర సంగమానికి చేరేది మిగిలినదే. వేసవిలో ఏటి మొగలో సముద్రం పోటే ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే అపార్టుమెంట్లకి నీళ్ళ ట్యాంకర్లు నడుస్తున్నాయి. ఆ ట్యాంకరు నింపుకునేది లోపలి పల్లెల పొలాల్లోని బోర్ల నుంచే. ఇక్కడి గదిలో షవరు తిరిగితే అక్కడ వేరుశనగ చేను ఎండుతుంది.

తొట్లకొండ మీద రెండు వేల ఏళ్ళనాడు బౌద్ధభిక్షువులు రాతిని తొలిచి వాన నీటికి తొట్లు చేసుకున్నారు. ఎంతమందికి ఎన్ని నీళ్ళు అన్న లెక్క వాళ్ళకి కొండ ఎక్కకముందే ఉండి ఉంటుంది. దాని కిందనుంచే పోతూ మనవాళ్ళు లేఅవుట్ పటం గీసి, నీళ్ళ సంగతి తర్వాత చూద్దామంటున్నారు.

మీ తోట ఎక్కడుందో ఒక్కసారి గుర్తు తెచ్చుకో. ఎర్రమట్టి దిబ్బల వెనక, వాగు పక్కన. గాలీ సముద్రమూ కలిసి వేల ఏళ్ళు పేర్చిన ఆ దిబ్బల్లాంటివి దక్షిణాసియాలో ఇంకా తమిళనాడు తీరంలోనూ, అటు శ్రీలంకలోనూ మాత్రమే ఉన్నాయంటారు. 2014లో వాటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. ఆ గుర్తింపు ఉన్నా 2024 జులైలో వాటి పక్కనే యంత్రాలు నేల చదును చేస్తూ కనిపించాయి, జనం గోల చేస్తేగాని ఆగలేదు. 2025లో అవి యునెస్కో తాత్కాలిక జాబితాలోకీ ఎక్కాయి. సినిమా పాటలకి పనికొచ్చిన చోటుగానే చాలామందికి ఆ దిబ్బలు తెలుసు. వాన పడగానే గుటకేసినట్టు నీళ్ళు పీల్చి కిందికి దింపే నేల అది. మీ నాన్నగారి నూతిలో నీళ్ళు ఇప్పటికీ తియ్యగా ఉన్నాయంటే ఆ దిబ్బలూ, తోటలో ఎవరూ ఊడ్చని ఆకుల మెత్తా కారణం. వైశాఖంలో పేట ఆడవాళ్ళు బిందెలతో వచ్చేది అక్కడికే. ఆ సంగతి బ్రోకరు నీకు చెప్పి ఉండడు.

ఒడ్డు సంగతి కూడా విను. జాలర్లు అలివి వల లాగాలంటే ఇరవై ముప్ఫయి మంది తాడు పట్టుకుని వెనక్కి నడిచే జాగా కావాలి. తెప్పలు పెట్టుకోవాలి, వలలు ఆరేసుకోవాలి, ఎండుచేపలకి ఎండ తగిలే ఇసుక కావాలి. వాళ్ళకి ఒడ్డే పనిచేసే చోటు. మేడ మీదనుంచి చూసేవాడికి అదంతా ఖాళీగా కనిపిస్తుంది, చేపల వాసన అడ్డుగా అనిపిస్తుంది. ఈ కాలంలోనే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. గుడ్లు పగిలి పిల్లలు బయటపడ్డాక సముద్రం మీది వెలుగుని బట్టి దారి పట్టాలి, రిసార్టు లైట్లు చూసి రోడ్డు వైపు పాకుతాయి.

ఒడ్డున కట్టడాలకి చట్టం ఉంది కదా అంటావు. ఉంది. 1991 నుంచీ ఉంది. అయితే 2019లో దాన్ని తిరగరాసినప్పుడు, చదరపు కిలోమీటరుకి 2,161 మందికన్నా ఎక్కువ జనం ఉన్న తీర గ్రామాల్లో, కట్టడాలు కూడని హద్దుని 200 మీటర్ల నుంచి 50 మీటర్లకి కుదించారు. జనం కిక్కిరిసిన కొద్దీ సముద్రానికి మరింత దగ్గరగా కట్టుకోవచ్చని అర్థం. ఉప్పెనొస్తే ఎక్కువమంది ప్రాణాలు పణంగా పడేది అలాంటి ఊళ్ళలోనే కదా, అక్కడే రక్షణ సడలించడం నాకు ఏ కోణంలో చూసినా అన్యాయమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఎలా విరుచుకుపడిందో నువ్వు టీవీలో చూశావు, నేనిక్కడ ఉన్నాను. అయినా భీమిలి ఒడ్డున ఏకంగా ఇసుకలోనే కాంక్రీటు గోడ లేస్తే దాన్ని కూల్చడానికి హైకోర్టుదాకా పోవలసి వచ్చింది. ప్రతి గోడకీ కోర్టుకెళ్ళే ఓపిక ఎవరికుంటుంది?

నీకు డబ్బవసరం లేదని నేననను. పిల్లవాడి కాలేజీ ఫీజు ఎంతో నువ్వే చెప్పావు. అవసరానికి అమ్ముకున్నవాళ్ళని నేనెప్పుడూ తప్పుపట్టలేదు. కానీ జీపీఏ ఇచ్చిన మరునాడు తోట నీ చేతిలో ఉండదు. చెట్లు కొట్టేసి, ముక్కలు చేసి, నీకు తెలియని మనుషులకి రిజిస్ట్రేషన్ చేసేస్తారు, రేపు ఏ తగాదా వచ్చినా కాగితం మీద నీ పేరుంటుంది. అందులో వాగు వైపు ముక్క ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా భూమని మీ నాన్నగారు అంటూండేవారు, అది రిజిస్ట్రేషన్ నిషేధ జాబితాలో ఉందేమో చూడకుండా ఎవరూ ధర చెప్పకూడదు. నేను సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళి ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ తీయిస్తాను, సర్వే నంబర్లు పంపించు.

తోట కాపలా కాసే కుటుంబం కౌలుకి తీసుకుంటామంటోంది. ముసలి చెట్లు తీసి కొత్త అంట్లు నాటుతారట. కౌలు డబ్బు ఫీజుకి చాలదు, నాకు తెలుసు. అమ్మక తప్పకపోతే సాగు చేసుకునేవాళ్ళకే అమ్ముదాం. రేటు తగ్గుతుంది, అదీ దాచను. కానీ నుయ్యి నిలుస్తుంది.

వేసవి సెలవులకి వస్తానన్నావుగా, ఆ మాట మీదుండు. తోట కళ్ళారా చూశాకే ఏదైనా తేల్చుకో. ఈలోగా ఆ బ్రోకరుకి ఇప్పుడు అమ్మడం లేదని నువ్వే ఒక మెసేజి పెట్టు. నీ స్నేహితురాలినని తెలిసి వారం వారం మా గుమ్మం ఎక్కుతున్నాడు, నేను చెప్తే వినడంలేదు.

పిల్లలకి ముద్దులు. బావగారికి నమస్కారాలు చెప్పు.

నీ నేస్తం