తోరణగల్లులో వెనుక వరుస

మన చదువరులలో చాలామంది హొసపేటకు పోతూ తోరణగల్లును రైలు కిటికీలోంచి చూచే ఉంటారు. ఉక్కు కర్మాగారపు పొగగొట్టాలు, చెట్ల ఆకుల మీద ఎర్ర దుమ్ము. అంతకు మించి అక్కడ చూడదగింది ఏముంటుందని నేనూ అనుకునేవాణ్ణి. 2024 సెప్టెంబరు మొదట్లో ఒక ఆదివారం అక్కడికి పనిగట్టుకొని పోవలసి వచ్చింది. కారణం మా రెండోవాడు.

వాడికప్పుడు పదమూడేళ్ళు. బడి ఫుట్‌బాలు జట్టులో ముందు వరుసలో ఆడుతున్న వాణ్ణి ఆ యేడు వెనుక వరుసకు మార్చారు. అది మొదలు ఇంట్లో ముభావమే. "గోలు కొట్టినవాడికే చప్పట్లు నాన్నా. వెనకాల నిలబడితే నన్నెవరు చూస్తారు? నేనింక ఆడను" అని బూట్లు అటక మీద పడవేశాడు. వాడికి చెప్పవలసిన మాట నాకు తోచలేదు.

మా బావమరిది కర్మాగారపు కాలనీలో ఉంటాడు. సంగతి విని, "బావా, పిల్లోణ్ణి ఒకసారి ఇటు పిల్చుకొని రా. మాటలతో అయ్యే పని కాదిది" అన్నాడు.

బళ్ళారి నుంచి తోరణగల్లు సుమారు ముప్ఫయి కిలోమీటర్లు. బస్సులో కండక్టరుతో కన్నడం, పక్క సీటు పెద్దాయనతో తెలుగు. 1953 అక్టోబరు 1న మన బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరిన నాటి నుంచీ మన ఇళ్ళలో అందరికీ అలవాటైన రెండు నాలుకల జీవితమే. కుడతిని దగ్గర విద్యుత్కేంద్రం దాటాక సండూరు కొండలు కనిపించసాగాయి. మావాడు కిటికీ వైపు ముఖం పెట్టుకొని ఒక్క మాటా మాట్లాడలేదు.

ఆ కాలనీలో 2018లో ఇన్‌స్పైర్ క్రీడా సంస్థ వెలసింది. 2013లో పుట్టిన బెంగళూరు ఎఫ్.సీ. జట్టూ అదే యాజమాన్యానిది. ఆ జట్టు కుర్రవాళ్ళు అక్కడ ఉండి శిక్షణ పొందుతారు. బావమరిది పలుకుబడితో మైదానం అంచున నిలబడడానికి అనుమతి దొరికింది.

పచ్చిక మీద నలుగురు కుర్రవాళ్ళు వరుసగా నిలిచారు. గురువు బంతి కుడికి తంతే నలుగురూ ఒక్క తాడు కట్టినట్టు కుడికి జరిగారు. ఒకడు బంతి మీదికి పోతే రెండోవాడు వాని వెనుక కాపు. ఎడమ చివరివాడు బంతికి ఎంతో దూరాన ఉన్నా ఊరకే లేడు. క్షణానికోసారి భుజం మీదుగా వెనక్కి చూస్తూ లోపలికి జరుగుతున్నాడు. అరగంటలో వాడికి బంతి రెండుసార్లు కూడా అందలేదు. అయినా చొక్కా తడిసి ముద్దయింది.

మావాడు అప్పుడు నోరు విప్పాడు. "మామా, ఆ చివరివాడు బంతి లేకుండానే అంత పరిగెత్తుతున్నాడే!"

"వాడు పరిగెత్తడం మానేస్తే గోలు ఎక్కడ పడుతుందో చూడు" అన్నాడు మామ.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నా చేతిపుస్తకం తీశాను. కొత్త సీజనుకు వారమో పది రోజులో ఉంది. పెద్ద జట్టు వెనుక వరుసను తూచి చూద్దామని ముగ్గురం కూర్చున్నాము. అంతకు ముందు సీజనులో జట్టు పదో స్థానానికి దిగింది. ఆగస్టు 27న డ్యూరాండ్ కప్పు సెమీఫైనలులో మోహన్ బగాన్ మీద రెండు గోళ్ళ ఆధిక్యం నిలుపుకోలేక పెనాల్టీలలో ఓడింది. కాబట్టి అనుమానాలు లేకపోలేదు.

రాహుల్ భేకే ముంబయి నుంచి తిరిగి వచ్చాడు. కుడి పక్కనైనా, మధ్యనైనా ఆడగలవాడు. అతనికి ఎక్కువ మార్కులు వేశాను. చింగ్లెన్‌సానా సింగ్, నిఖిల్ పూజారి ఇద్దరూ 2022లో మన హైదరాబాదు జట్టు ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినప్పుడు అందులో ఉన్నవారు. కలిసి ఆడిన అలవాటు ఉంది. యొవనోవిచ్‌కు పొడుగు, గాలి బంతులకు తల అందుతుంది. రోషన్ సింగ్ ఎడమ నుంచి ముందుకు దూసుకుపోయి బంతులు అందిస్తాడు గాని, తిరిగి వచ్చేలోగా అతని వెనుక చోటు ఖాళీ. "ఆ ఖాళీని ఎవరు పూడుస్తారన్నదే ప్రశ్న" అని రాసుకున్నాను.

"వీళ్ళెవరైనా గోలు కొట్టారా నాన్నా?" అని అడిగాడు మావాడు.

అప్పుడు చెప్పాను. 2019 మార్చిలో గోవాతో ఫైనలులో ఆట అదనపు సమయం చివరికి వచ్చినా గోలు లేదు. 117వ నిమిషంలో తలతో గోలు చేసి కప్పు తెచ్చినవాడు ఈ భేకేయే. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనలులో మన హైదరాబాదు రహీం సాహెబు, తలకు గాయమై కుట్లు పడిన జర్నైల్ సింగును ముందు వరుసలో ఆడించారు. వెనుక వరుస ఆటగాడే, ఒక గోలు చేశాడు. దక్షిణ కొరియా మీద 2-1తో బంగారు పతకం మనది.

"అయితే ఆ గోళ్ళు ఎప్పుడో ఒకనాటివి. మిగతా రోజులన్నీ వాళ్ళు చేసింది గోలు పడకుండా చూడడమే. మా ఆఫీసులో జీతాల బిల్లు తప్పు లేకుండా పోతే గుమాస్తా పేరు ఎవరూ ఎత్తరు. ఒక్క అంకె తప్పితే అందరూ ఎత్తుతారు. అంతమాత్రాన ఆ పని చిన్నదవుతుందా?" అన్నాను. వాడు జవాబివ్వలేదు. తిరుగు బస్సులో మాత్రం, "ఎడమ పక్కవాడు ఎన్నిసార్లు వెనక్కి చూడాలి నాన్నా?" అని అడిగాడు.

ఆ సీజనులో మొదటి అయిదు ఆటల్లో బెంగళూరు మీద ఒక్క గోలైనా పడలేదు. నా మార్కులు నిజమయ్యాయని నేను మురిశాను. 2025 ఏప్రిల్ 12న కలకత్తాలో ఫైనలు. మనవాళ్ళు ముందంజలో ఉండగా వెనుక వరుసలో ఒకరి చేతికి బంతి తగిలి పెనాల్టీ అయింది. అదనపు సమయంలో 2-1తో కప్పు మోహన్ బగాన్ పరమైంది. ఏడాది పొడుగునా కాచిన కాపు ఒక్క క్షణంలో లెక్కకు రాకుండా పోయింది. టీవీ కట్టేసి నేను నిట్టూర్చాను.

మావాడు మాత్రం, "ఆ చెయ్యి ఒక్కటే అందరికీ గుర్తుంటుంది కదూ నాన్నా" అన్నాడు. కాసేపాగి, "పుస్తకం ఇలా ఇవ్వు. వచ్చే యేటికి ఎవరెవరు ఉండాలో రాద్దాం" అన్నాడు.

బూట్లు అటక దిగి అప్పటికే ఏడు నెలలయింది.