మూడు సినిమాలు, ఒక జత చెప్పులు

మా చర్చిలో శ్రమదినాల్లో ప్రతి శుక్రవారం సాయంత్రం యవ్వనస్థుల కూటం ఉంటుంది. ఈసారి అంశాలను చీటీల మీద రాసి పంచారు. నాకొచ్చిన చీటీలో "సినిమాల నుంచి పాపాన్ని ఎదిరించే పాఠాలు, పది నిమిషాలు" అని ఉంది. "తెలుగు బి.ఏ. పిల్ల కదా, సినిమాల గురించి బాగా చెప్తుందిలే" అని అయ్యగారు నవ్వారు. తెలుగు చదవడానికీ సినిమాలు చూడటానికీ ఏం సంబంధమో ఆయన్నే అడగాలి.

కంటోన్మెంట్‌లో ఉండేవాళ్ళకు తెలిసిన సంగతే, మిగతావాళ్ళ కోసం చెప్తున్నా. ఇక్కడ ఆదివారం పొద్దున ఒక వీధిలో తెలుగు పాట వినిపిస్తే, మలుపు తిరిగేసరికి కన్నడ, ఇంకో మలుపులో తమిళం. లండన్ మిషన్ వాళ్ళలో జాన్ హ్యాండ్స్ 1810లోనే బళ్లారికి వచ్చాడు. కన్నడంలోకి బైబిలు తెచ్చే పని ఆయన ఇక్కడ ఉండే చేశాడు. అంత పాత ఊరు మాది. కానీ నిజం చెప్పాలంటే మా ఇంట్లో యేసుప్రభువు ముఖం బైబిల్లోంచి రాలేదు, విజయచందర్ గారి నుంచి వచ్చింది. కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తే నాకిప్పటికీ ఆ ముఖమే కనిపిస్తుంది.

అందుకని మొదటి సినిమాగా 'కరుణామయుడు' తీసుకున్నా. 1978లో వచ్చింది. భీమ్‌సింగ్ గారి దర్శకత్వం, మోదుకూరి జాన్సన్ గారి మాటలు. తర్వాత ఎన్నో భాషల్లోకి మారి, హిందీలో 'దయాసాగర్' అయ్యి, సినిమా హాలు లేని ఊళ్ళలో కూడా తెర కట్టి చూపించారు. దాన్ని చెప్పే వంకతో యేసును సాతాను శోధించిన కథ చెప్పాను. నలభై రోజులు ఏమీ తినని మనిషి దగ్గరికి వచ్చి రాళ్ళను రొట్టెలు చేసుకొమ్మంటాడు. ఆలోచిస్తే అందులో తప్పేముంది? ఆకలైనవాడు రొట్టె తినడం పాపమా? శోధన ఎప్పుడూ ఇట్లాంటి సబబైన మాటతోనే మొదలవుతుందని చెప్పాను. ఈ ముక్క బాగా పేలింది.

రెండోది 'రాజాధిరాజు', 1980. బాపు-రమణల సినిమా. ఇందులో నూతన్ ప్రసాద్ సైతాను. కొమ్ములూ కోరలూ చూపించి భయపెట్టే సైతాను కాదు. నవ్విస్తాడు, పాట పాడతాడు, మనకు స్నేహితుడిలా మాట్లాడతాడు. సినిమా అయ్యాక గుర్తుండేది ఆయనే. ఇది మన బళ్లారివాళ్ళకు కొత్త కాదు. కోలాచలం శ్రీనివాసరావు గారి 'రామరాజు చరిత్ర'లో బళ్లారి రాఘవ వేసిన పఠాన్ రుస్తుం గురించి మనం క్లాసులో చదువుకున్నాం కదా! రాముడి వేషం కంటే ప్రతినాయకుడి వేషానికే జనం కళ్ళప్పగించి చూస్తారు. ఎందుకో మరి.

మూడోది ఏదైనా కొత్తది కావాలి, లేకపోతే తమ్ముళ్ళు నిద్రపోతారు. 'స్పైడర్ మ్యాన్ 3' పెట్టుకున్నా. 2007 నాటిది, టీవీలో ఎన్నిసార్లు వచ్చిందో. ఆకాశం నుంచి పడిన నల్లటి పదార్థం ఒకటి పీటర్‌కి అంటుకుంటుంది. దాంతో బలం పెరుగుతుంది, బాగుంటుంది కూడా. ఆ బాగుండటమే అసలు చిక్కు. గర్వం, కోపం పెరిగి చివరికి తను ప్రేమించిన పిల్లనే కొడతాడు. అప్పుడు వెళ్ళి చర్చి గంట గోపురంలో, గంట మోగుతుంటే ఆ నల్ల తొడుగును చీల్చుకుంటాడు. గంట శబ్దానికి అది తట్టుకోలేదు. అదే సమయంలో కింద చర్చిలో ఇంకొకడు కూర్చుని పీటర్ చావాలని దేవుణ్ణి వేడుకుంటుంటాడు. పైనుంచి వచ్చిన నల్లదనం వాణ్ణి పట్టుకుంటుంది. చర్చిలో కూర్చోవడం, ప్రార్థన చేయడం ఒక్కటే రక్షణ కాదన్నమాట. ఇది చెప్పినప్పుడు అయ్యగారు తల ఊపారు. చప్పట్లు కొట్టారు. మా పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంది.

ఇంటికొచ్చి అవ్వకు చెప్పాను. మోకాళ్ళ నొప్పితో ఆమె కూటానికి రాలేదు. 'కరుణామయుడు' పేరు చెప్పగానే అన్నం కలిపే చెయ్యి ఆగిపోయింది.

"ఆ సినిమాకు పోయే నేను చెప్పులు దొంగతనం చేసినా" అంది.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

అవ్వకు అప్పటికి కొత్తగా పెళ్ళయింది. చర్చి పక్క మైదానంలో తెల్లగుడ్డ కట్టి సినిమా వేశారట. చెప్పులన్నీ ఒక పక్కన విడిచి జనం నేల మీద కూర్చున్నారు. శిలువ వేసేటప్పుడు అందరితోపాటు అవ్వ కూడా వెక్కి వెక్కి ఏడ్చింది. అయిపోయాక చీకట్లో కాళ్ళకు దొరికిన చెప్పులు తొడుక్కుని బయల్దేరింది.

"చీకట్లో తొడుక్కున్న్యా. అది తప్పు కాదు. మన వీధి మలుపు కాడ దీపం కింద సూస్తే నావి కాదు. నావి తెగిపోయి పిన్నీసు పెట్టినవి. ఇవి కొత్తవి. ఆడ తిరుక్కోని పోయింటే సరిపోతాండె. మీ తాత ముందర నడుస్తాండె. కాలు నొప్పి, పొద్దున ఇస్తాంలే అనుకున్న్యా. పొద్దునైతే ఎవరివని అడిగేది, సిగ్గు. ఒగ యేడాది తొడిగినా."

"అయితే ఎవరివో తెలీలేదా?"

"తెలుసు. మరుసటి ఆదివారం ఒగామె ఒట్టి కాళ్ళతో గుడికొచ్చింది. పక్కనే కూకున్న్యా నేను. చెప్పలే."

యాభై ఏళ్ళకు దగ్గరపడుతున్న చెప్పుల కథ. ఆమె ఇప్పుడు లేదు, ఆమె పిల్లలు ఏ ఊళ్ళో ఉన్నారో తెలీదు. అవ్వ మళ్ళీ అన్నం కలుపుకుంది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకో ఇప్పుడు చెప్తాను. ఇది రాయడానికి కూర్చున్నదే దానికోసం.

పోయినసారి ఇదే గోడపత్రికలో నా పేరుతో వాన మీద ఒక కవిత వచ్చింది గుర్తుందా? అది నాది కాదు.

నేను దొంగతనం చేయాలని చేయలేదు. ఫోనులో కనిపించింది, నచ్చింది, నోట్సు వెనక పేజీలో రాసుకున్నాను. రాసినామె పేరు రాసుకోలేదు. నా బెంచీలో కూర్చునే స్నేహితురాలు ఆ పేజీ చూసి, నేనే రాశాననుకుని మేడమ్‌కి చూపించింది. ఇక్కడిదాకా చీకట్లో చెప్పులే. తర్వాత మేడమ్ క్లాసులో లేపి "నువ్వే రాశావా?" అని అడిగారు. అందరూ నా వైపు తిరిగారు. మూడేళ్ళలో క్లాసు మొత్తం నన్ను చూసింది అప్పుడొక్కసారే. "అవును మేడమ్" అన్నాను. దీపం కింద నిలబడి అన్నాను. ఆ మాట నాతో ఏ సైతానూ అనిపించలేదు. నూతన్ ప్రసాద్ లాంటివాడు పక్కన నిలబడి కన్ను కొట్టి ఉంటే బహుశా గుర్తుపట్టేదాన్నేమో!

ఆ తర్వాత చేసింది ఇంకా సిగ్గు. ఎవరైనా పట్టుకుంటారేమోనని సాఫు ప్రతిలో నాలుగు మాటలు మార్చాను. 'దృశ్యం' గుర్తొచ్చింది నాకు. వెంకటేష్ కేబుల్ టీవీ నడుపుతూ, చూసిన సినిమాల నుంచే సాక్ష్యాలు ఎలా పుట్టించాలో నేర్చుకుంటాడు. బస్సు టిక్కెట్టు, హోటల్ బిల్లు, అన్నీ. పోలీసులకు దొరకనప్పుడు మనమంతా ఊపిరి పీల్చుకుంటాం. ఆయనకు కాపాడుకోవాల్సిన కూతురుంది, ఆ కథ వేరు. నేను కాపాడుకున్నది నాలుగు చప్పట్లను. పైగా మార్చిన మాటలవల్ల కవిత పాడైంది కూడా. ఒకచోట లయ తప్పింది. మీరెవరూ గమనించలేదు, మేడమ్ గమనించారు. "ఇక్కడ కొంచెం కుంటింది, సరిచూసుకో" అన్నారు. కుంటించింది నేనే.

కూటంలో పది నిమిషాలు మాట్లాడినప్పుడు ఇవేవీ నాకు గుర్తు రాలేదా అని అడగొచ్చు మీరు. వచ్చాయి. రాళ్ళూ రొట్టెలూ అన్నప్పుడు వచ్చాయి, గంట గోపురం దగ్గర మరీ గట్టిగా వచ్చాయి. అయినా ఆగకుండా మాట్లాడాను, ఇంకా బాగా మాట్లాడాను. కింద చర్చిలో కూర్చున్నవాణ్ణి అంత బాగా ఎలా వర్ణించగలిగానో నాకు ఇప్పుడు అర్థమవుతోంది. పాపం గురించి మాట్లాడటం దాన్ని ఎదిరించడం కంటే చాలా సులువు. సినిమా చూసి ఏడవడం ఇంకా సులువు. అవ్వ అంతలా ఏడ్చి, అదే చెంపల తడితో ఆ మలుపు దాటి వెళ్ళిపోయింది కదా.

సోమవారం డిపార్ట్‌మెంటుకు వెళ్ళి మేడమ్‌కి చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తిడితే బాగుండేది. చివరికి "గోడ మీది కాగితం నువ్వే తియ్యి" అన్నారు. వెళ్ళి నాలుగు పిన్నులూ పీకాను. అప్పుడు వరండాలో ఫస్టియర్ పిల్లలు ఇద్దరున్నారు. "అక్కా, ఎందుకు తీసేస్తున్నారు, చాలా బాగుంది కదా" అని ఒకమ్మాయి అడిగింది. నాది కాదు అని చెప్పాను. మేడమ్‌కి చెప్పడంకంటే ఆ పిల్లకు చెప్పడమే కష్టమైంది.

నా స్నేహితురాలికి కూడా చెప్పాను. రెండు రోజులు మాట్లాడలేదు, ఇప్పుడు కొంచెం మాట్లాడుతోంది. ఆ ఖాళీలో పెట్టడానికి ఏదైనా రాయమని మేడమే అడిగారు, కాబట్టి మీరు చదువుతున్నది ఆ నాలుగు పిన్నుల మధ్యే ఉంటుంది. ఆ కవిత రాసినామెకు జరిగింది జరిగినట్టు ఫోనులో మెసేజ్ పెట్టాను. ఇంకా జవాబు రాలేదు.