ఈక గాలంతో సముద్రం మీద ఒక రోజు

మా పుట్టిల్లు నరసాపురం దగ్గర ఒక పల్లెటూరు. ఇంటి ముందే కాలవ. ఆదివారం వచ్చిందంటే చాలు, నాన్నగారు గాలం పుచ్చుకుని కాలవ గట్టున కూర్చునేవారు. తమ్ముడికి ఎనిమిదో ఏటే ఒక చిన్న గాలం కట్టి ఇచ్చారు. నాకు ఇచ్చింది కొబ్బరి చిప్ప! ఎందుకంటారా? పెరట్లో అరటిచెట్ల మొదట్లో తడిమట్టి తవ్వి, ఎర్రలు ఏరి, అందులో వేసి తెచ్చి పెట్టడానికి. వాళ్ళు పట్టిన కొరమీనులూ, జెల్లలూ ఇంటికి వచ్చాక బూడిద రాసి తోమే పని అమ్మదీ నాదీ. అలా చేపలతో నా స్నేహమంతా కత్తిపీట దగ్గరే.

ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటే, ఈమధ్య ఒక ఏప్రిల్ నెలలో అమెరికాలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, "అమ్మా, ఈసారి నిన్ను డిస్నీ వరల్డుకి తీసుకెళ్ళను. చేపలు పట్టడానికి తీసుకెళ్తాను" అంది. నేను నవ్వేశాను. "నేనొచ్చి ఏం చేస్తానే? మీరు పడితే పులుసు పెడతాను" అన్నాను. "పులుసూ లేదు, వేపుడూ లేదు. అక్కడ పట్టిన చేపని వదిలెయ్యాలి. గాలం నువ్వే వెయ్యాలి" అంది. ఇదెక్కడి చోద్యం అనుకున్నాను.

సముద్రం మీద రోడ్డు

మా అమ్మాయి వాళ్ళు ఉండేది ఫ్లోరిడా రాష్ట్రంలో, మయామీకి దగ్గర్లో. అక్కడ నుంచి దక్షిణంగా పోతే భూమి అయిపోతుంది గానీ రోడ్డు మాత్రం అయిపోదు. సముద్రంలో ముత్యాల దండలా చిన్న చిన్న దీవులు. వాటిని 'కీస్' అంటారు. దీవికీ దీవికీ మధ్య వంతెనలు. ఒక వంతెన పొడవు దాదాపు 7 మైళ్ళు! మొదట హెన్రీ ఫ్లాగ్లర్ అనే ఆయన ఈ దీవుల మీదుగా చివరనున్న కీ వెస్ట్ దాకా రైలుమార్గం వేయించాడు. 1912లో పూర్తయింది. 1935లో వచ్చిన పెనుతుఫానులో అది కొట్టుకుపోయింది. 400 మందికి పైగా చనిపోయారు. తర్వాత ఆ దారినే రోడ్డు వేసి 1938లో ప్రారంభించారు. మేం వెళ్ళిన ఐలమొరాడా ఊళ్ళో రోడ్డు పక్కనే ఆ తుఫాను మృతుల స్మారకం ఉంది. దాని ముందు నిలబడితే నాకు 1977 నాటి మన దివిసీమ ఉప్పెన గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. సముద్రం ఎక్కడైనా సముద్రమే.

ఐలమొరాడా చిన్న ఊరే గానీ గాలం సరదా ఉన్నవాళ్ళకి అదొక పుణ్యక్షేత్రంలాంటిది. ఒకవైపు అట్లాంటిక్ మహాసముద్రం, రెండోవైపు ఫ్లోరిడా బే. ఆ రెంటి మధ్యా మడచెట్ల గుబుర్లు, మోకాలి లోతు నీళ్ళు, అడుగున పచ్చగడ్డి. ఈ లోతు తక్కువ చోట్లనే 'ఫ్లాట్స్' అంటారు. పోటు వచ్చేటప్పుడు పెద్ద చేపలు రొయ్యల కోసం, పీతల కోసం ఈ గడ్డిలోకి వస్తాయి. మనిషి వాటిని కళ్ళతో చూసి, చూసిన చేపకే గాలం వెయ్యాలి. అదీ ఇక్కడి వేటలో విశేషం.

ఈగా కాదు, ఎర్రా కాదు

దీన్ని 'ఫ్లై ఫిషింగ్' అంటారు. ఫ్లై అంటే ఈగే గానీ, సముద్రంలో వాడేది ఈగ కాదు. చిన్న గాలపు ముల్లుకి కోడి ఈకలూ, జింక వెంట్రుకలూ, మెరిసే దారమూ చుట్టి, రొయ్యపిల్లలాగానో పీతపిల్లలాగానో తయారుచేస్తారు. మా అమ్మాయి తనే ఇంట్లో కూర్చుని కడుతుంది. చూస్తే మన పూలజడ అల్లికంత ఓపిక కావాలి. పువ్వులు కట్టడం వచ్చిన చేతులకి అది పెద్ద కష్టం కాదనిపించింది.

మన గాలానికి సీసం గుండు కడతాం కదా, ఆ బరువుకి దారం వెళ్ళి దూరంగా పడుతుంది. ఈక ముక్కకి బరువేదీ? అందుకని ఇక్కడ దారమే లావుగా, బరువుగా ఉంటుంది. ఆ దారాన్ని కర్రతో వెనక్కీ ముందుకీ గాలిలో ఆడిస్తే, దాని బరువుకి అది సాగి, చివరనున్న ఈకని తీసుకెళ్ళి నీళ్ళ మీద మెల్లగా దించుతుంది. దారానికీ ఈకకీ మధ్య చేపకి కనబడకుండా 9, 10 అడుగుల సన్నని పారదర్శకపు తీగ ఉంటుంది. కర్ర పొడవు 9 అడుగులు. బరువును బట్టి కర్రలకి నంబర్లుంటాయి. కొత్తవాళ్ళు సముద్రానికి 8 నంబరుది కొనుక్కుంటే చాలు.

వెళ్ళడానికి ముందు వారం రోజులూ ఇంటి ముందు గడ్డిలో నాకు పాఠాలు. ముల్లు లేకుండా ఒక ఊలు ముక్క కట్టింది. మొదటి రోజు దారం నా మెడకీ, జడకీ, పక్కింటి వాళ్ళ కంచెకీ చుట్టుకుంది. "అమ్మా, బలం వద్దు. గడియారంలో 10 దగ్గరా 2 దగ్గరా కర్ర ఆపు. వెనక దారం పూర్తిగా సాగేదాకా ఆగి అప్పుడు ముందుకి విసురు" అని పదిసార్లు చెప్పింది. మూడో రోజుకి కిటుకు తెలిసింది. తడిచీర తీగ మీద వేసే ముందు ఒక విదిలింపు విదిలిస్తామే, సరిగ్గా అదే! చెయ్యి ఠక్కున ఆగితేనే చీర కొస దాకా విచ్చుకుంటుంది. ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్న పనే కదా అని ధైర్యం వచ్చింది.

పడవ నడిపేకన్నా...

ఆ సాయంత్రమే మా అమ్మాయి నాకు జోన్ వుల్ఫ్ అనే ఆవిడ సంగతి చెప్పింది. 1926లో పుట్టిన అమెరికా ఆవిడ. వాళ్ళ నాన్న గాలాలూ తుపాకులూ అమ్మే దుకాణం నడిపేవాడు. ఆయన గాలం వేస్తుంటే వాళ్ళమ్మ పడవ తెడ్డు వేసేది. పడవ కొంచెం అటూ ఇటూ అయితే చాలు, ఆయన కేకలు. అది చూసి, పడవ నడిపేకన్నా గాలం వెయ్యడమే మేలని ఆ పసిపిల్ల అప్పుడే నిశ్చయించుకుందట. తండ్రి ముందు కొడుకులకే నేర్పాడు. ఒకరోజు ఆయన లేనప్పుడు తనే కర్ర తీసుకెళ్ళింది. కర్ర కొస ఊడి చెరువులో పడితే పక్కింటాయన వెతికి తీసి ఇచ్చాడు. సంగతి తెలిసిన తండ్రి తిట్టలేదు, తనతోపాటు నేర్చుకోవడానికి తీసుకెళ్ళాడు. 1943 నుంచి 1960 దాకా ఆవిడ 17 జాతీయ పోటీలు గెలిచింది. 1951లో అందరూ మగవాళ్ళే ఉన్న దూరపు విసురు పోటీలోనూ గెలిచింది. 1979లో భర్తతో కలిసి న్యూయార్క్ రాష్ట్రంలో ఈ విద్య నేర్పే బడి పెట్టింది.

ఆ కథ విన్నాక రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. నా కొబ్బరి చిప్ప గుర్తొచ్చింది. నాన్నగారు చెడ్డవారు కాదు. నన్నెప్పుడూ కసురుకోలేదు. అడగాలని నాకు తోచలేదు, ఇవ్వాలని ఆయనకి తోచలేదు. అంతే.

అరటిపళ్ళు వద్దట!

తెల్లవారుజామునే లేచి పులిహోర కలిపి, డజను అరటిపళ్ళు సంచీలో వేశాను. పిల్లవాణ్ణి చూసుకోవడానికి అల్లుడుగారు ఇంట్లో ఉండిపోయారు. పడవ దగ్గర గైడు, అరవై దాటిన పెద్దమనిషి, నా సంచీలోకి చూసి రెండు చేతులూ ఎత్తేశాడు. పడవలో అరటిపండు ఉంటే చేప పడదని అక్కడి వాళ్ళ గట్టి నమ్మకమట! మనకా, అరటిపండు లేనిదే శుభకార్యం లేదు. ఎవరి శకునాలు వారివి. పళ్ళన్నీ కారులో పెట్టి బయల్దేరాం.

చోటు చేరగానే ఇంజను ఆపేశాడు. పడవ వెనక ఎత్తు బల్ల మీద నిలబడి పొడుగాటి గెడ వేసి నడిపాడు, అచ్చం మన గోదావరి పడవవాళ్ళ లాగే. చప్పుడైతే చేప పారిపోతుంది. నేను ముందు భాగంలో నిలబడ్డాను. పడవ ముక్కు ఎటుంటే అది 12 గంటలు. "11 గంటలు, 40 అడుగులు" అని అతను మెల్లగా అన్నాడంటే, కొంచెం ఎడమగా 40 అడుగుల దూరంలో చేప ఉందన్నమాట. నీటి మెరుపుని తగ్గించే పోలరాయిడ్ కళ్ళద్దాలు పెట్టుకున్నా సరే, మొదటి గంట నాకు గడ్డి తప్ప ఏమీ కనబడలేదు.

తర్వాత చూశాను. నీళ్ళ పైకి వెండి తోక ఒకటి లేచి ఊగుతోంది. బోన్‌ఫిష్! తల కిందకి పెట్టి బురదలో రొయ్యలు వెతుక్కుంటోంది. విసిరాను. ఈక దాని ముందు పడింది. దారం కొంచెం కొంచెంగా లాగమన్నాడు. చేప తిరిగింది, వెంబడించింది, పట్టింది. నేను ఆనందం పట్టలేక చిన్నప్పుడు కాలవ గట్టున చూసినట్టే కర్ర పైకెత్తేశాను. అంతే, ఈక ఊడి వచ్చింది, చేప మాయం. ఇక్కడ కర్ర ఎత్తకూడదు. కర్ర కిందకే ఉంచి ఎడమచేత్తో దారాన్ని గట్టిగా లాగాలి. వందసార్లు చెప్పారు, అయినా మర్చిపోయాను. ఏడుపొచ్చినంత పనయింది. "ఫరవాలేదు మామ్, అందరూ అలాగే మొదలుపెడతారు" అన్నాడు గైడు.

మధ్యాహ్నం పోటు తిరిగాక ఒక చిన్న జాక్ చేప పడింది. మన పార చేపకి చుట్టమే. ఈసారి కర్ర ఎత్తలేదు. దారం లాగాను. అబ్బ, ఆ చిన్న చేపకి ఎంత బలమో! రీలు గిర్రున తిరిగింది. పది నిమిషాలకి పడవ పక్కకి వచ్చింది. మూరెడు పొడవు, పసుపు రంగు తోక. ఒక్క క్షణం నాలోని గృహిణికి చింతపండు పులుసు వాసన తగిలిందంటే నమ్మండి! కానీ చెయ్యి తడిచేసుకుని, నీళ్ళలోనే దాన్ని పట్టుకుని ముల్లు తీసి వదిలేశాను. జాక్‌ని ఉంచుకోవచ్చు గానీ, బోన్‌ఫిష్‌ని మాత్రం ఫ్లోరిడాలో 2013 నుంచి తప్పనిసరిగా వదిలెయ్యాలి. ఎలాగూ పేరుకి తగ్గట్టు దాన్నిండా ముళ్ళే. బతికున్న చేపని చేత్తో పట్టుకోవడం నాకు అదే మొదలు. కత్తిపీట దగ్గర ఎప్పుడూ చూడని కళ్ళు అవి.

కొత్తగా మొదలుపెట్టే వారికి

* నీటి దగ్గరికి వెళ్ళేముందు గడ్డిలో రోజూ అరగంట సాధన చెయ్యండి. 40 అడుగులు సూటిగా వేయగలిగితే మొదటిసారికి చాలు. గాలికి ఎదురుగా కూడా వేసి చూడండి.
* గైడు పడవకి ఖర్చు ఎక్కువే. ఇద్దరు పంచుకుంటే నయం. లైసెన్సు గల గైడుతో వెళితే మనకి విడిగా లైసెన్సు అక్కర్లేదు. సొంతంగా ఒడ్డునుంచి పట్టాలంటే కొనాలి. బయటివారికి 3 రోజులకీ, 7 రోజులకీ దొరుకుతుంది.
* నీళ్ళలో దిగి నడిస్తే పాదం ఎత్తి వెయ్యకుండా, ఇసుకలో ఈడ్చుకుంటూ నడవండి. తోకలో ముల్లు ఉండే స్టింగ్‌రే చేపలు ఇసుకలో దాక్కుంటాయి. అలికిడికి అవే తప్పుకుంటాయి.
* పొడుగు చేతుల జాకెట్టు, అంచు వెడల్పు టోపీ, కళ్ళద్దాలు తప్పనిసరి. ముల్లు కంటికి తగలకుండానూ అద్దాలు కాపాడతాయి.
* ముల్లుకి ఉండే చిన్న కొక్కేన్ని పటకారుతో నొక్కేస్తే చేపకీ మనకీ కూడా తీయడం తేలిక.
* ఇంటికి రాగానే కర్ర, రీలు, దారం మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టండి. ఉప్పునీరు ఇనప మూకుడికి పట్టినట్టే వాటికీ తుప్పు పట్టిస్తుంది.

ఆ రాత్రి ఇంటికి వచ్చేసరికి అల్లుడుగారు అన్నం వండి, పప్పు పెట్టి ఉంచారు. "అత్తయ్యగారూ, చేపలేవీ?" అన్నారు నవ్వుతూ. సముద్రంలో ఉన్నాయని చెప్పాను.

నరసాపురంలో తమ్ముడికి ఫోను చేసి అంతా చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు వాడు. తర్వాత, "సంక్రాంతికి రా అక్కా. నాన్న గాలం అటక మీద అలాగే ఉంది. నువ్వు వెయ్యి, ఎర్రలు నేను తవ్వి పెడతాను" అన్నాడు.