మెడలో బిళ్ళతో సముద్రయానం

చిన్నప్పుడు మా తాలూకా కచేరీ బిళ్ళబంట్రోతును చూసి, అలాంటి బిళ్ళ నాకెప్పుడు దొరుకుతుందా అనుకునేవాణ్ణి. ఆ ముచ్చట అరవై ఎనిమిదో ఏట తీరింది. 2023 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్ రేవులో ‘రీగల్ ప్రిన్సెస్’ ఓడ ఎక్కేముందు, మా అమ్మాయి మా ఇద్దరి మెడల్లోనూ చెరొక బిళ్ళ వేసింది. రూపాయి బిళ్ళంత ఉంది. దానిమీద మన పేరే చెక్కి ఉంటుంది.

“ఇదే తాళంచెవి, ఇదే డబ్బుసంచీ నాన్నా,” అంది.

నమ్మలేదు. తీరా గదిముందు నిలబడేసరికి తలుపు గడియ దానంతటదే విడివడింది. పైడెక్కుమీద ఓ మూల కూర్చుని, టీ కావాలని అమ్మాయి ఫోనులో నొక్కితే, మూడున్నర వేలమంది ప్రయాణికుల్లో కుర్రవాడు సరాసరి మా దగ్గరికే తెచ్చి నన్ను పేరుపెట్టి పిలిచాడు. అతని చేతిలోని పలకమీద నా ఫోటో ఉంది!

ఇందులో మంత్రమేమీ లేదు. బిళ్ళలో రేడియో సాధనాలు రెండున్నాయి. ఒకటి తాకించినంత దగ్గరకు వస్తేనే పలుకుతుంది; రెండోది, బ్లూటూత్, కొన్ని గజాల దూరం వినిపిస్తుంది. ఓడంతటా వేలకొద్దీ చెవులు అమర్చారు. డిస్నీవారు 2013లో తెచ్చిన చేతిపట్టీల వెనకనున్న జాన్ ప్యాజెట్ గారే 2017లో ఈ బిళ్ళనూ ఓడ ఎక్కించారు. సౌఖ్యమే గాని, ఆవు మెడలో గంట కట్టినట్లు, ఎక్కడికి వెళ్ళినా ఓడకు తెలుస్తోందంటే నాకు మొదట రుచించలేదు.

మూడోనాడు రాత్రి భోజనాల వేళ మా ఆవిడ కనబడలేదు. అసలే మోకాళ్ళ నొప్పులు, ఇంగ్లీషు అంతంతమాత్రం. అమ్మాయి ఫోను చూసి, “అమ్మ గదిలోనే ఉంది,” అంది. పరుగున వెళ్ళాం. దువ్వెన పక్కన బిళ్ళ ఉంది, మనిషి లేదు. పందొమ్మిది అంతస్తుల ఓడ, చుట్టూ చీకటి సముద్రం. గంటను విసుక్కున్న నేనే, అది ఆమె మెడలో ఉంటే బాగుండునని వేయి దేవుళ్ళకు మొక్కుకున్నాను.

ముప్పావుగంటకు దొరికింది. ప్రయాణికులు బట్టలుతుక్కునే గదిలో, ఓ గుజరాతీ పెద్దావిడతో సైగలతో ఆవకాయ గురించి మాట్లాడుతోంది.

“బిళ్ళ ఎందుకు తీశావు?” అన్నాను కోపంగా.

“స్నానానికి తీసి మరిచిపోయాను. అయినా బిళ్ళెందుకండీ? మాసిన బట్టల సంచీ గదిలో లేదని చూసుకోలేదూ?”

చూసుకోలేదు.