రేచకం

నేలపై నడిచే మనిషి తన ఊపిరిని గురించి ఆలోచించడు. నిద్రలోనూ మెలకువలోనూ అది తనంతట తానే సాగిపోతుంది. నీటిలో దిగిన మరుక్షణం ఈ సౌఖ్యం తొలగిపోతుంది. అంతవరకు అడగకుండానే లభించిన గాలిని అదును చూసి అందుకోవలసి వస్తుంది. మహాభారతంలో దుర్యోధనుడు జలస్తంభన విద్యతో ద్వైపాయన హ్రదంలో దాగి ఉండగలిగాడు. ఆ విద్య లేని సామాన్యునికి నీటిలో ఉన్న ఆధారం ఒక్కటే. అది లయ తప్పని శ్వాస.

గోదావరి కాలువ గట్టున పెరిగిన ఒక యువకుని అనుభవం ఇందుకు నిదర్శనం. ఏడేళ్ల ప్రాయంలో అతడు నడుముకు బెండ్లు కట్టుకొని కాలువలో దిగాడు. ఒకనాడు కట్టు జారిపోయింది. మునిగిపోతున్న పిల్లవాణ్ణి రేవులో బట్టలు ఉతుకుతున్న ఒక ఇల్లాలు జుట్టు పట్టుకొని ఒడ్డుకు లాగింది. ఆ తరువాత అతడు ఈత నేర్చాడు గాని, ముఖాన్ని నీటిలో ఉంచడం మాత్రం మానుకున్నాడు. తల పైకెత్తి, మెడ బిగించి, బారలు వేసేవాడు. కాలువ వెడల్పు కొద్దిపాటిది కావడంవల్ల ఆ లోపం బయటపడలేదు. ఊరివారు అతణ్ణి గజఈతగాడన్నారు. అతడూ నమ్మాడు.

కళాశాల చదువుకై పట్టణానికి వచ్చి, పోటీలలో పాల్గొనాలన్న కోరికతో 50 మీటర్ల కొలనులో దిగిన నాడు ఆ నమ్మకం చెదిరింది. సగం దూరమైనా పోకముందే ఛాతీ బిగుసుకుపోయింది. కాళ్లు అడుగుకు జారాయి. వరుసలను వేరుచేసే తాడును పట్టుకొని ఆగిపోయాడు.

“చేతుల్లో బలం చాలడం లేదు మాస్టారూ!” అన్నాడు సిగ్గుతో.

వృద్ధుడైన శిక్షకుడు తల అడ్డంగా ఊపాడు. “బలానికేమీ తక్కువ లేదురా అబ్బాయీ! నువ్వు గాలి వదలడం లేదు. నిండిన కుండలో నీళ్లెలా పోస్తావు?”

ఆ మాటలో శరీరధర్మమంతా ఇమిడి ఉన్నది. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం. విడిచే గాలిలో కూడా ఇంకా 16 శాతం వరకు మిగిలే ఉంటుంది. ఊపిరి బిగబట్టినవానికి మొదట కలిగే ఉక్కిరిబిక్కిరికి ముఖ్యకారణం ఆక్సిజన్ కొరత కాదు, రక్తంలో పెరిగే కార్బన్ డయాక్సైడ్. ముఖం నీటిలో ఉన్నంతసేపు గాలిని బంధించి, తల తిప్పిన ఆ అరక్షణంలోనే విడవడమూ పీల్చడమూ చేయబోతే రెండూ సగంసగమే జరుగుతాయి. కావున రేచకం నీటిలోనే పూర్తి కావాలి. పైకి వచ్చినప్పుడు పూరకం మాత్రమే మిగలాలి. ఈతలో కుంభకానికి చోటు లేదు.

మరునాటి నుండి అతనికి చేతులతో పని లేకపోయింది. కొలను అంచు పట్టుకొని, ముఖం నీటిలో ఉంచి, ముక్కుతోనూ నోటితోనూ బుడగలు వదలడమే అభ్యాసం. చూసేవారికి అది పసిపిల్లల ఆట. అతనికి మాత్రం బుడగల చప్పుడు వినగానే ఏడేళ్లనాటి కాలువ కళ్లముందు నిలిచేది. మూడు లెక్కించేలోగా తల ఎత్తేసేవాడు. శిక్షకుడు కోపగించలేదు, తొందరపెట్టలేదు. పక్కనే నిలబడి అంకెలు లెక్కించాడు. మూడు ఐదయింది, ఐదు పది అయింది. రెండు వారాలకు ముఖం నీటిలో ఉండగానే మెడ సడలింది.

అప్పుడు ఫ్రీస్టైల్ ఆరంభమయింది. తల ఎత్తితే నడుము, కాళ్లు కిందికి దిగుతాయి. అందువల్ల తలను ఎత్తకుండా, దేహంతో పాటు పక్కకు తిప్పాలి. ముందుకు సాగే తల పక్కన నీటి మట్టం కొంచెం పల్లమవుతుంది. ఒక కన్ను నీటిలో ఉండగానే నోటికి గాలి అందేది ఆ పల్లంలోనే. మూడు బారలకొకసారి శ్వాస తీసుకుంటే కుడి ఎడమలు రెండూ సమంగా అలవడతాయి.

కప్ప ఈతలో చేతులు ఛాతీ వైపు మళ్లే వేళ తల సహజంగా లేస్తుంది. అదే పూరకానికి అదును. చేతులు చాచి జారిపోతున్నప్పుడు రేచకం. బటర్‌ఫ్లైలో గడ్డం నీటిని ఒరసుకొంటూ ముందుకు సాగాలి. చేతులు ముందుకు వచ్చి పడేలోగా ముఖం మళ్లీ నీటిలోకి చేరాలి. వెల్లకిల ఈతలో ముఖం పైనే ఉంటుంది. అయినా ఒక చేయి లేచినప్పుడు పీల్చి, రెండవది లేచినప్పుడు విడిచే క్రమాన్ని పాటించినవాడే అలసిపోడు.

ఊపిరి బిగబట్టడమే ఘనత అనుకోవడం ప్రమాదకరం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో జపాన్ ఈతగాడు మసారు ఫురుకావా 200 మీటర్ల కప్ప ఈతలో అధికభాగం నీటి అడుగునే ఈది స్వర్ణపతకం గెలిచాడు. ఆ తరువాత అంతర్జాతీయ నిబంధనలు మారి, ఆ పద్ధతికి అడ్డుకట్ట పడింది. మునిగే ముందు వేగంగా, గాఢంగా పలుమార్లు ఊపిరి తీసుకుంటే కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. దానితో ఊపిరి కావాలన్న హెచ్చరిక ఆలస్యమవుతుంది. ఈలోగా ఆక్సిజన్ తరిగి, నీటిలోనే స్పృహ తప్పవచ్చు. పందెం కోసమైనా ఆ సాహసం తగదు. తోడు లేకుండా నీటిలో దిగడమూ తగదు.

సంక్రాంతి సెలవులకు ఆ యువకుడు ఊరికి వచ్చాడు. అదే రేవు, అదే మెట్లు. ముఖం నీటిలో ఉంచి, బుడగలు వదులుతూ, నెమ్మదిగా అవతలి గట్టుకు సాగాడు. రేవులో ఒక కేక వినవచ్చింది. ఆనాడు అతణ్ణి ఒడ్డుకు లాగిన ఇల్లాలు, ఇప్పుడు తల నెరసినది, చేతిలోని బట్ట వదిలి మోకాలి లోతు నీటిలోకి దిగి నిలుచున్నది.

“ఓరి నాయనా! మళ్లీ మునిగిపోయావనుకున్నానురా!”

అతడు తల పక్కకు తిప్పి, నిండుగా గాలి పీల్చి నవ్వాడు. “లేదు పెద్దమ్మా! ఊపిరి వదలడం నేర్చుకున్నాను.”

ఆమెకు ఆ మాట అర్థం కాలేదు. అయినా అతడు గట్టు చేరి తిరిగి వచ్చేవరకు ఆమె నీటిలోనే నిలబడింది.