నర్సు చూపు కేస్‌షీటుకు ఎక్కాలి

గుండె మార్పిడి కోసం ఎదురుచూసే పసిపిల్లల ప్రాణం నిలిపే యాంత్రిక పంపుల్లో 'బెర్లిన్ హార్ట్ ఎక్స్‌కోర్' ముఖ్యమైనది. 1990లో బెర్లిన్‌లో తొలిసారి ఒక పిల్లవాడికి అమర్చిన ఈ పంపు శరీరం లోపల కాక పొట్టమీద, బయటే ఉంటుంది. పారదర్శకమైన దాని గుల్లను ఒక పలుచని పొర రెండు గదులుగా విడదీస్తుంది. ఒక గదిలోకి గాలి వచ్చిపోతుంటే ఆ ఒత్తిడికి రెండో గదిలోని రక్తం శరీరంలోకి నెట్టబడుతుంది. వీటిలో అతి చిన్నదానిలో పట్టేది 10 మిల్లీలీటర్లే.

ఈ పంపు అమర్చిన పిల్లలుండే వార్డులో అడుగుపెట్టిన సందర్శకుల దృష్టి ముందుగా పెద్ద యంత్రం మీదికే పోతుంది గాని, నిజంగా చూడదగినవి నర్సు చేతులు. ఆమె దుప్పటి మెల్లగా తొలగించి, గొట్టాలు లాగుకుపోకుండా ఒక చేత్తో పంపును ఆనించి పట్టుకుని, రెండో చేత్తో టార్చిని ఏటవాలుగా వేసి, కవాటాల దగ్గర తెల్లని ఫైబ్రిన్ పోగులుగాని నల్లని రక్తపు గడ్డలుగాని ఉన్నాయేమో వెతుకుతుంది. ఆ గడ్డ ఊడి మెదడుకు చేరితే బిడ్డకు పక్షవాతం రావచ్చు. పొర పూర్తిగా సాగకుండా ముడతపడితే రక్తం చాలకనో, గొట్టం మెలిపడో పంపు సరిగా నిండడం లేదని అర్థం.

రాత్రి కంటపడిన ముడతను పొద్దున వచ్చిన డాక్టరుకు మాటల్లో చెప్పవలసి రావడమే షిఫ్టు మారేవేళ వినిపించే ఫిర్యాదు. అంతటి నిశితమైన చూపు చార్టులో 'బాగానే నిండుతోంది' అన్న రెండు మాటలకు కుదించుకుపోవడం అన్యాయం. స్మార్ట్‌ఫోన్ స్లోమోషన్ వీడియో తీర్చగలిగింది ఈ లోటునే: నిమిషానికి 80 సార్లు కొట్టుకునే పంపును సెకనుకు 240 ఫ్రేముల వేగంతో చిత్రిస్తే ఒక్కొక్క స్పందన 180 ఫ్రేములుగా విడివడి, కంటికి అందని కదలిక నిదానంగా కనిపిస్తుంది, నిన్నటి వీడియో పక్కన నేటిది పెట్టి పోల్చవచ్చు, దూరాన ఉన్న సర్జన్‌కూ చూపవచ్చు. అయితే కవాటం చాటున దాగిన గడ్డ వీడియోకు చిక్కకపోవచ్చు కనుక టార్చి పరీక్షను మానడానికి వీల్లేదు.

ఈ చిత్రీకరణ సొంత ఫోన్లలో జరగకూడదు. ఆసుపత్రులు వార్డుకొక ఫోను కేటాయించి, బిడ్డ ముఖం పడకుండా తీసిన వీడియోను తీసిన నర్సు పేరుతో సహా కేస్‌షీటులో భద్రపరచాలి.