గవాచి వెలుగు

12 జనవరి 2020, ఆదివారం

నిన్న రాత్రి బాగా పొద్దుపోయాక కొడుకు, కోడలు, మనవరాలు హైదరాబాద్ నుంచి దిగారు. పిల్ల మెడలో కెమెరా వేలాడుతోంది. వాళ్ల నాన్న ఫోన్‌లో ఫోటోలు తీసుకోవడం మరిగాక బీరువాలో మూలపడ్డ డిజిటల్ కెమెరా అది. పొద్దున మొహం కడగక ముందే మొదలుపెట్టింది. నన్ను తీస్తుందేమోనని కొంగు సవరించుకుని నిలబడ్డాను. నా పక్కనున్న గడపను తీసింది. తొక్కీ తొక్కీ నడుమ గుంటపడి, అంచుల్లో మాత్రమే పసుపు మిగిలిన గడప.

"మనుషుల్ని తియ్యి బిడ్డా" అన్నాను.

"మీరు మా దగ్గరికి వస్తరు కదా అవ్వా. గడప రాదు కదా" అంది.

ఉగాది దాటగానే ఈ మట్టి మిద్దె పడగొట్టి స్లాబు వేయాలని అనుకున్నాం. ఏటా వానలకు ముందు మిద్దె మీద చౌడు మట్టి పరిచే మనుషులు ఇప్పుడు దొరకడం లేదు. కప్పు మోసే దంతెల్లో రెండు చెద పట్టాయి. పడగొట్టడమే మేలని నేనే ముందు అన్నాను. ఆ మాట పిల్ల చెవిన ఎప్పుడు పడిందో!

14 జనవరి, భోగి

పొద్దున్నుంచి ఓట్ల ఆటోలు మైకులతో వీధి వీధీ తిరుగుతున్నాయి. 22న మున్సిపాలిటీ ఎన్నికలు. ఆ హోరులోనే పొయ్యి ముందు కూర్చుని సజ్జరొట్టెలు చేశాం. పక్కింటి ఆమె సాయం వచ్చింది. పిండి ముద్దను చప్పుడయ్యేలా తట్టి, నువ్వులు చల్లి, అరచేత్తో అద్ది, పెనం మీద వేస్తోంది. పిల్ల ఆమె ఎదురుగా బోర్లా పడుకుని ఒక్క చేతినే పది ఫోటోలు తీసింది.

తర్వాత కెమెరా తెర మీద పెద్దది చేసి చూపించింది. బొటనవేలి గోరు, పొడవుగా, కొన నల్లబడి ఉంది. "ఇదెందుకిట్లుంది?" అంది. మా నడిగడ్డలో పుట్టిన పిల్లకు ఈ ప్రశ్న రాదు. విత్తనాల కోసం వేసే సీడుపత్తి చేలో సాయంత్రం మొగ్గ గిల్లుతారు. లోపలి మగ కేసరాలను గోటితో ఒలిచేసి, నడిమి కాడకు దెబ్బ తగలకుండా చూడాలి. మర్నాడు పొద్దున మగ చెట్టు పూవు తెచ్చి దానికి పుప్పొడి అద్దాలి. మనిషి ఒక్కతే రోజుకు వందల మొగ్గలు గిల్లుతుంది. కత్తీ, కత్తెరా ఏవీ ఉండవు, ఆ గోరే పనిముట్టు. ఈ క్రాసింగు పని అయిపోయి నెలలవుతున్నా ఆమె గోరు తీసెయ్యలేదు.

అంతా విని పిల్ల, "నా అంత పిల్లలు కూడా గిల్లుతరా?" అంది. గిల్లేవాళ్లు, బడి మానేసి మరీ. నిజమే చెప్పాను. పిల్ల కాసేపు తన గోళ్లు చూసుకుంది.

ఇరవై ఏళ్లుగా ఈ ఆమె చేతి రొట్టె తింటున్నాను. ఆ గోరు నా కంట పడలేదు.

15 జనవరి, సంక్రాంతి

భోజనాలయ్యాక పిల్ల అడిగింది: "అవ్వా, నువ్వు చిన్నప్పుడున్న ఇల్లు ఫోటో చూపించు."

లేదు. మా పుట్టిల్లు రాజోలి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర ఊళ్లోకి వచ్చింది. కర్నూలు మునిగింది, అలంపురం మునిగింది, మా రాజోలి మట్టిలో కలిసిపోయింది. మగ్గాల గుంతలు బురదతో పూడిపోయాయి. మా ఇల్లు మట్టి గోడలది, నిలబడలేదు. ట్రంకు పెట్టెలో అడుగున ఉన్న ఫోటోలు పెట్టెతో సహా పోయాయి.

పోయిన ఫోటోలు తలుచుకుంటే ఒక సంగతి తోచింది. అవన్నీ కర్నూలులో స్టూడియోకు పోయి దిగినవి. వెనక తెర మీద తోట, మెట్లు, మనది కాని మేడ. అవి మిగిలి ఉన్నా మా ఇల్లు అందులో లేదు. వాకిట్లో మా అమ్మ కూర్చునే బండ లేదు, రోలు లేదు, పక్కింట్లోంచి రోజంతా వినిపించే మగ్గం లేదు. ఇల్లు ఎక్కడికీ పోదని అనుకున్నాం. ఫోటో తీయాల్సిన వస్తువని ఎవరికీ తోచలేదు.

ఇదంతా చెప్తే పిల్ల కెమెరా తీసుకుని మౌనంగా వెనక దొడ్లోకి పోయింది. పత్తికట్టె మోపు, నీళ్ల తొట్టి, రోలు, తలుపు గొళ్లెం వరసగా తీసుకుంటూ వచ్చింది.

16 జనవరి, కనుమ

నడింట్లో పైన, కప్పులో వెలుతురు కోసం వదిలిన గవాచి ఉంది. వాన పడకుండా దాని మీద రేకు కప్పి ఎన్నేళ్లో అయింది. రేకుకు మూడు మేకు బెజ్జాలు. మధ్యాహ్నం ఆ మూడింట్లోంచి నేల మీద మూడు వెలుగులు పడతాయి. రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్దవి, కొంచెం సాగినట్టుంటాయి. పిల్ల నోటుబుక్కు ఎండకు ఎదురుగా వాల్చి పట్టుకుంటే గుండ్రంగా అయ్యాయి. అవి బెజ్జం ఆకారం కాదు, సూర్యుడి బొమ్మ అని వాళ్ల నాన్న చెప్పాడు. మొన్న డిసెంబరు 26 గ్రహణం పూట గోడ మీద కొరికిన రొట్టెల్లా కనబడ్డవి ఇవేనన్నమాట! నేను చూసి కూడా రేకు వంగిందేమో అనుకున్నాను.

"అయితే మన ఇల్లే కెమెరా" అని పిల్ల గంతులేసింది. ఫోటో మాత్రం కుదరలేదు. ఇల్లంతా నల్లగా, చుక్కలు తెల్లగా వచ్చాయి. పన్నెండున్నరకు ఆ మూడింటి చుట్టూ సుద్దముక్కతో గీతలు గీసి, "తుడవకు అవ్వా, మళ్లొచ్చి తీస్తా" అంది. సాయంత్రం వెళ్లిపోయారు.

25 మార్చి, ఉగాది

ఎవరూ రాలేదు. దేశమంతా లాక్‌డౌన్. రోడ్డు మీద చప్పుడు లేదు. మేస్త్రీ ఫోన్ చేసి ఇప్పట్లో రాలేనన్నాడు. మిద్దె నిలబడే ఉంది. పచ్చడి నేనూ మా ఆయనా ఇద్దరమే తిన్నాం.

మధ్యాహ్నం పిల్ల ఫోన్ చేసి, "చుక్కలు గీతల్లోనే ఉన్నయా?" అని అడిగింది. చూశాను. లేవు. దక్షిణానికి దాదాపు మూడు మూరలు జరిగాయి. జనవరిలో సాగినవి ఇప్పుడు ఇంచుమించు గుండ్రంగా ఉన్నాయి. పొద్దు నడినెత్తికి వస్తోంది కదా. నేను తడిబట్ట పెట్టేటప్పుడల్లా ఆ గీతలు తప్పించుకుంటూ వచ్చాను, అవి అక్కడే ఉన్నాయి.

ఆయన ఫోన్ తీసుకున్నాను. ఎట్లా పట్టుకోవాలో, దేన్ని నొక్కాలో పిల్ల అవతలి నుంచి చెప్పింది. పాత గీతలూ కొత్త వెలుగులూ ఒక్కదాంట్లోనే పడాలంది. గోడకు వీపు ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కాను. మూడోసారికి కుదిరింది. మూలన నా కాలి మెట్టె కూడా పడింది.